వేరే మెషిన్

"వానా! వాన ఉన్నారా?" అని పిలిచింది సిస్టర్.

వరండా బెంచీ చివర కూర్చున్న బట్టతల పెద్దమనిషి గొడుగు చంకలో పెట్టుకుని లేచాడు. ఆయన బయటికొచ్చాక "మంగళవారం" లోపలికి వెళ్లింది. ఆ తర్వాత "పిల్లి". కొత్తవాళ్లు ఈ పిలుపులు విని మొదట నవ్వుతారు. కాసేపటికి వాళ్లకీ ఒక పేరు ఎంచుకునే వంతు వస్తుంది.

ఆస్పత్రి వెనకవైపున్న ఈ పాత భాగంలో అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఎయిడ్స్ అన్న మాట వింటేనే మనుషులు పక్కకి తప్పుకునే రోజుల్లో, అసలు పేరు వరండాలో వినపడితే సాయంత్రానికల్లా అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది. అందుకని అప్పటి ముసలి డాక్టరు, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, "ఇక్కడ మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగేవాడు. ఏడుస్తూ వచ్చిన మనిషి ఆ ప్రశ్న విని, ఏడుపాపి ఆలోచించేవాడు. "అదిగో, వైద్యం మొదలైంది" అనేవాడు ముసలాయన. అప్పటికింకా ఆ జబ్బుకి మందులంటూ ఏవీ రాలేదు.

ఆ రోజులు తలుచుకుంటే సిస్టర్‌కి గుండెలో వెచ్చగా ఉంటుంది. ఉండకూడదేమో. ఆ రోజుల్లో వారానికొకరు పోయేవాళ్లు. కిటికీలకి అద్దాలుండేవి కావు. వాన పడితే మంచాలు గోడవైపు జరిపేవాళ్లు. ఆమె తమ్ముడు అప్పుడే కుట్టుపని నేర్చుకుంటున్నాడు. వాళ్ల షాపులో మిగిలిన ఆకుపచ్చ గుడ్డముక్కలు పోగుచేసి, ఎవరూ అడక్కుండానే కిటికీలకి తెరలు కుట్టి తెచ్చాడు. ఏ రెండు తెరలూ ఒకే పచ్చగా ఉండేవి కావు. "నీ ఆస్పత్రి అడివిలా ఉందక్కా" అన్నాడు స్టూలెక్కి వాటిని తగిలిస్తూ. కిందనుంచి ఒక రోగి స్టూలు కాలు పట్టుకున్నాడు. ఆ రోగి చేతిమీద తమ్ముడు కాలు పెట్టి దిగాడు. దిగి, "పట్టు బాగుంది, మా షాపులో చేరతావా?" అన్నాడు.

తర్వాత ప్రపంచం భయపడింది. భయంతోపాటు డబ్బొచ్చింది. అద్దాలు, రంగులు, కుర్చీలు, మందులకి ఫ్రిజ్, చివరికి మందులూ వచ్చాయి. చావులు తగ్గాయి. ఆ పచ్చతెరలు ఎవరు, ఎప్పుడు తీసేశారో ఆమెకి గుర్తు లేదు.

*

మధ్యాహ్నం ఆమె వరండా దాటి కిడ్నీ హాల్లోకి వెళ్లింది. ఇవాళ తమ్ముడి వంతు.

ఇక్కడ మెషిన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒక్కొక్క మంచం పక్కన ఒక్కొక్క మెషిన్. చేతిలోంచి ఎర్రగా ఒక గొట్టం వెళ్తుంది, ఎర్రగానే ఇంకో గొట్టం తిరిగొస్తుంది. మధ్యలో గాజు సీసా లాంటి ఫిల్టరు నిలబడి, పాడైన కిడ్నీ చేయాల్సిన పని చేస్తుంది. నాలుగు గంటలు కదలడానికి లేదు కాబట్టి ఈ హాల్లో మాటలకి కొదవ లేదు.

హాలు మూల అద్దం తలుపున్న ఒక చిన్నగది. అందులో తెల్ల దుప్పటి కప్పిన ఇంకో మెషిన్. అది ఎయిడ్స్ నిధులతో కొన్నది. కిడ్నీలు కూడా పోయిన ఎయిడ్స్ రోగులకి తప్ప వేరేవాళ్లకి వాడకూడదని నిబంధన. అలాంటి రోగి ప్రస్తుతం ఒక్కతే, మహారాణి. ఆమె వారానికి రెండుసార్లు వస్తుంది. మిగతా రోజులన్నీ మెషిన్ దుప్పటి కప్పుకుని నిద్రపోతుంది. కిడ్నీ హాల్ నర్సులు ఆ గదిలో పని చేయం అన్నారు. అందుకని సిస్టరే ఆ విద్య నేర్చుకుని, మహారాణి వచ్చినప్పుడల్లా వచ్చి నడుపుతుంది.

"నిధుల్ని తలకింత అని భాగించి చూడండి" అంటున్నాడు లెక్కల మాస్టారు, గొట్టాల్లేని చేత్తో గాల్లో గీతలు గీస్తూ. "అటుపక్క తలకెంత, ఇటుపక్క తలకెంత? భాగహారం చేస్తే చివర మిగిలే శేషం మనం."

"వాళ్ల పేరుమీద ఏటా ఒక రోజుంది, రిబ్బనుంది" అన్నాడు రిటైరైన పోస్ట్‌మాన్. "మనకోసం ఎవరైనా రిబ్బన్ కట్టారా?"

"కట్టారుగా, చేతికి ఇంత లావు పట్టీ. ఇంటికెళ్లి విప్పుకో" అన్నారెవరో.

హాలంతా నవ్వింది. మాస్టారు సిస్టర్‌ని చూసి, "మీరు చెప్పండి సిస్టర్. ఈ రోజుల్లో ఆ జబ్బుతో పోయేవాళ్లెవరు? ఇంకా దానికే ధారపోయడం న్యాయమా?" అని అడిగాడు.

"మందు మింగబట్టి పోవట్లేదు మాస్టారూ. పోవట్లేదు కదాని ఆపేస్తే మళ్లీ పోతారు."

"మేం ఎలాగూ పోతున్నాం కదక్కా" అన్నాడు తమ్ముడు, కళ్లు మూసుకునే. "మాకోసారి మొదలుపెట్టి చూడకూడదూ?"

మళ్లీ నవ్వులు. సిస్టర్ కూడా నవ్వుతూ అతని దుప్పటి సర్దింది. చిన్నప్పుడు చొక్కా గుండీ మింగి ఇల్లంతా గగ్గోలు పెట్టించాడని అతన్ని ఇంట్లో 'గుండీ' అంటారు. ఇప్పుడు నలభై దాటినా ఆమెకి గుండీయే. ఆ ముఖం ఈమధ్య పిండి పూసినట్టు ఉబ్బి పాలిపోతోంది.

"నవ్వు కాదు గానీ అక్కా" అన్నాడు అతను గొంతు తగ్గించి. "వాళ్లు చేజేతులా తెచ్చుకున్నారు. నేనేం చేశాను? కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను, అంతేగా."

"మహారాణి ఏం చేసింది? పెళ్లి చేసుకుంది."

అతను కళ్లు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

*

ఆ సాయంత్రం ఇంట్లో అతను చొక్కా గల్లా కుడుతున్నాడు. కింద గదిలో అతని షాపు, వెనక వంటగది, పైన సిస్టర్ గది. గల్లా మడతలోంచి సూది మొనతో మూల బయటికి లాగి, బొటనవేలి గోటితో అణిచి, లైటుకేసి ఎత్తి చూస్తాడు. చిన్నప్పటినుంచీ ఆ ఎత్తి చూడటం ఆమెకి ఇష్టం. ఇప్పుడు ఎత్తిన చెయ్యి త్వరగా దిగిపోతోంది.

మరదలు చిన్న గ్లాసులో నీళ్లు తెచ్చి పెట్టింది. అతనికి రోజంతటికీ దక్కే నీళ్లలో అవి చివరివి. పెదాలు తడుపుకుని కింద పెట్టాడు. మళ్లీ తీసి చూశాడు. మళ్లీ కింద పెట్టాడు.

"మీ తమ్ముడు నీళ్లతో సరసాలాడుతున్నారు వదినా" అంది మరదలు. నవ్వించాలనే అంది. కానీ గొంతు కలిసి రాలేదు.

సిస్టర్ కిందకి వంగి అతని చీలమండ మీద వేలుతో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"డాక్టరేమన్నాడు?"

"నీకూ చెప్పే ఉంటాడుగా. వారానికి రెండు చాలవు, మూడోది కావాలి, లేకపోతే నీరు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది, వస్తే ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేనన్నాడు. మూడోది ఎక్కడుంది? అన్ని మెషిన్లూ నిండే ఉన్నాయి." సూదిని గుడ్డలో గుచ్చి ఆపాడు. "ఒకటి తప్ప."

మరదలు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

"ఎల్లుండి మీటింగులో మాట్లాడమన్నారు నన్ను" అంది సిస్టర్. ఏ జబ్బు పేరున వచ్చిన డబ్బు ఆ జబ్బుకే అనే పద్ధతి ఇక వద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అయితే ఆ మెషిన్ అందరికీ ఇవ్వాలో వద్దో ఆస్పత్రే తేల్చుకోవాలట. "మా వాళ్లు వద్దనే చెప్పమంటున్నారు. ఇవాళ మెషిన్, రేపు గది, ఎల్లుండి మనమే ఉండం అంటున్నారు."

"నిజమేనేమో."

"నిజమేనేమో అంటావేంట్రా? నీకు కావాలా వద్దా?"

"కావాలి. కావాలని నిన్ను ఎలా అడగనూ? ఆ తెరలు కుట్టింది నేనే కదా." అతను నవ్వాడు. "అప్పుడు బాగుండేదక్కా. మనం మంచివాళ్లుగా ఉండటానికి ఏం ఖర్చయ్యేది కాదు."

*

మర్నాడు మహారాణి వంతు.

ఇస్త్రీ దుకాణం నడిపి నడిపి ఆమె భుజాలు మగవాళ్ల భుజాల్లా ఉంటాయి. ఆ పేరు తనే పెట్టుకుంది. భర్త పోయాక అత్తవారు మెట్లమీద సామాన్లు పెట్టి తలుపేసుకున్న రోజున వచ్చి, "మహారాణి అని పిలవండి, ఎవరూ పిలవలేదు ఇంతవరకు" అంది. ముసలి డాక్టరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. పాతవాళ్లలో మిగిలిన కొద్దిమందిలో ఆమె ఒకతి.

సిస్టర్ ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆపరేషన్ చేసి ఉబ్బించిన రక్తనాళం మీద వేలు పెట్టింది. లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు ఝుమ్మంది.

"ఉన్నానా?" అంది మహారాణి.

"ఉన్నారు తమరు."

సూదులు గుచ్చి, గొట్టాలు కలిపి, పంపు తిప్పింది. అద్దం తలుపు అవతల కిడ్నీ హాల్లో ఇద్దరు తలెత్తి చూసి మళ్లీ తిప్పుకున్నారు.

"చూశావా, మెషిన్‌ని చూస్తున్నారు, నన్ను కాదు. వయసులో ఉన్నప్పుడు ఇలా చూసుంటే ఎంత బాగుండేది!"

"మహారాణీ, ఈ మెషిన్ అందరికీ ఇచ్చేస్తే నీకేమైనా..."

"ఇచ్చెయ్. నేను లేనప్పుడు అదేం చేస్తోంది, నా గురించి కలలు కంటోందా?" కాసేపు పైన తిరిగే ఫ్యాను చూసింది. "కానీ ఒకటి సిస్టర్. ఈ గది నాకొక్కదానికని తెలిసినప్పుడు, మొదటిసారి, గొప్పగా అనిపించింది. తర్వాత అర్థమైంది. నాకోసం కాదు, నానుంచి తప్పించుకోడానికి అని."

సిస్టర్ మెషిన్ రీడింగులు చూసింది.

"గుర్తుందా, ముసలాయన నా గ్లాసులో మిగిలిన టీ తాగాడు? అందరూ చూస్తుండగా."

"గుర్తు లేకేం."

"చల్లారిన టీ. ఎంత అసహ్యించుకుంటూ తాగాడో! చక్కెర కూడా వేయించుకోలేదు నేను."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆ నవ్వులో పాత వరండా, అద్దాల్లేని కిటికీలు, ఇప్పుడు లేనివాళ్ల ఎంచుకున్న పేర్లు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. హీరో. చిలకమ్మ. పెద్దబాబు. వాళ్ల అసలు పేర్లు ఆమెకి ఎప్పుడూ తెలియవు.

*

మీటింగు సూపరింటెండెంట్ గదిలో జరిగింది. ఒకవైపు కిడ్నీ విభాగం వాళ్లు, వాళ్ల తరఫున లెక్కల మాస్టారు. ఇంకోవైపు ఎయిడ్స్ విభాగం వాళ్లు. మాస్టారు చావుల్ని, తలల్ని భాగించి చూపించాడు. ఎయిడ్స్ విభాగం కౌన్సెలర్, "ఒక జబ్బుకి పెట్టింది ఇంకో జబ్బు నోట్లోంచి లాక్కోవడమా? రెంటికీ పెట్టమని పైవాళ్లని అడగాలి గానీ మనలో మనం కొట్టుకోవడమేంటి?" అంది. అది అందరికీ నచ్చింది. కానీ పైవాళ్లు ఆ గదిలో లేరు.

అప్పుడు సిస్టర్ లేచింది.

"ఆ మెషిన్ అందరికీ ఇవ్వచ్చు" అంది. తనవాళ్లు తలలు తిప్పి చూశారు. "రక్తం మెషిన్ లోపలికి వెళ్లదు. గొట్టాల్లోంచి ఫిల్టరుకి వెళ్లి, గొట్టాల్లోంచే వెనక్కొస్తుంది. గొట్టాలు, ఫిల్టరు ఎవరివి వాళ్లకే. ప్రతి వంతు తర్వాత లోపల శుభ్రం చేసే పద్ధతి ఒకటే, బయట తుడిచే పద్ధతీ ఒకటే. ఈ జబ్బుకి వేరే మెషిన్ అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. భయపడి పెట్టుకున్నాం. మా ముసలి డాక్టరుగారు ఉంటే ఆ అద్దం తలుపు ఆయనే ఊడబీకేవాడు."

గదిలో చప్పట్లు మొదలై, ఇది చప్పట్ల సభ కాదని గుర్తొచ్చి ఆగిపోయాయి. సూపరింటెండెంట్ మర్నాటినుంచే మెషిన్ వాడమన్నాడు. వారానికి మూడో వంతు కూడా అవసరమున్న వాళ్లకి ముందు. నడపటానికి కిడ్నీ నర్సులు అలవాటుపడేదాకా సిస్టరే ఉండాలి.

బయటికొచ్చేసరికి ఆమెకి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. పాతరోజుల్లోని తనే మళ్లీ తన బట్టల్లోకి వచ్చి నిలబడ్డట్టనిపించింది. కౌన్సెలర్ పక్కన నడుస్తూ, "తమ్ముడి కోసం కదా?" అంది, నిష్ఠూరంగా కాదు.

"కాదు. అవును. కానీ తమ్ముడు లేకపోయినా అదే చెప్పేదాన్ని."

అది నిజమే. ఆమె ఆగి మళ్లీ చూసుకుంది. నిజమే.

*

మర్నాడు పొద్దున్నే అద్దం తలుపు తెరిచి, తాళ్లతో వెనక్కి కట్టింది. దుప్పటి తీసి మడిచింది. హాల్లో అందరికీ వినపడేలా, "ఎవరు ముందు?" అంది.

ఎవరూ లేవలేదు.

"మాస్టారూ, మీకు మూడోవంతు రాశారుగా."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. "నాకు కిటికీ పక్క మెషినే అలవాటు సిస్టర్. అలవాటు మార్చుకుంటే బీపీ పడిపోతుంది."

"మీరు?"

"మా ఆవిడని అడిగి చెప్తా" అన్నాడు పోస్ట్‌మాన్.

"నిన్నటిదాకా దానికోసమే కదయ్యా ఇంత గోల?"

"గోల న్యాయం కోసం" అన్నాడు మాస్టారు, ఎటో చూస్తూ. "ముందు కొన్నాళ్లు ఎవరైనా చేయించుకోనివ్వండి. మంచీచెడూ చూసి..."

ఆమెకి ఒళ్లు మండింది. ఆ మంట కూడా బాగుంది. ఈ ముఖాలు ఆమెకి పాతపరిచయాలే. రోగి ముట్టుకున్న తలుపుగడియని కొంగుతో పట్టుకునే ముఖాలు. వాటిముందు తనెప్పుడూ ఇంకాస్త నిటారుగా నిలబడేది. "సరే, కూర్చోండి మీమీ అలవాట్ల మీద" అని చురక వేసింది.

"నేనొస్తానక్కా."

తలుపు దగ్గరున్న బల్లమీద తమ్ముడు. ఇవాళ అతని మామూలు వంతు కాదు. మూడోవంతుకని వచ్చాడు. నాలుగడుగులు నడిచి, ఆయాసపడి గోడ పట్టుకున్నాడు. గదిలోకి వచ్చి మంచంమీద కూర్చుని చొక్కా చెయ్యి మడుచుకున్నాడు, తను కుట్టిన చొక్కాయే, మడత చెదరకుండా.

సిస్టర్ గుడ్డ మందునీళ్లలో ముంచి మెషిన్ తుడిచింది. మీటలు, తెర, గొట్టాలు పట్టుకునే కొక్కేలు. గుడ్డ పారేసి ఇంకోటి తీసుకుంది. మళ్లీ తుడిచింది. పంపు మూత తీసి దాని అంచుల్లో వేలు పెట్టి తుడిచింది. లోపల శుభ్రమయ్యే మీట పొద్దున్నే నొక్కింది, అది పూర్తయింది కూడా. మళ్లీ నొక్కింది.

"ఇంకోసారి కడుక్కోనీ" అంది. "కాసేపుండు."

అతను కాసేపున్నాడు. మీట మీద లైటు ఆరింది. ఆమె గ్లవ్స్ తీసేసి కొత్తవి వేసుకుంది. కొత్త గొట్టాల కవర్ చింపబోయి, ఆపి, దాన్ని తిప్పి చూసింది.

"గుండీ, నీళ్ల ప్రెషర్ కాస్త తక్కువగా ఉన్నట్టుందిరా. రేపు చూద్దామా?"

ప్రెషర్ చూపించే ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

"అక్కా."

"ఊఁ."

"మహారాణికి కూడా ఇన్నిసార్లు తుడుస్తావా?"

చేతిలో కవర్ చప్పుడు చేసింది. లేదు. మహారాణి దిగాక ఒకసారి తుడుస్తుంది. అది పద్ధతి. అది చాలు. నిన్న అంతమంది ముందు అది చాలని చెప్పింది తనే, అందులో ఒక్క మాటకూడా అబద్ధం కాదు. ఇప్పుడూ అబద్ధం కాదు. బుద్ధి ఎక్కడా జారలేదు, లెక్క తప్పలేదు. కానీ చేతులు బుద్ధిని అడగట్లేదు. అవి ఎప్పుడు నేర్చుకున్నాయో, ఎవరి దగ్గర నేర్చుకున్నాయో, బయట కూర్చున్న మాస్టారి చేతుల్లానే ఉన్నాయి.

ఆమె గుండెలోని వెచ్చటి చోటుకోసం వెతుక్కుంది. వరండా ఉంది. ముసలాయన ఉన్నాడు, గ్లాసు ఎత్తి తాగుతున్నాడు. చుట్టూ మంచాలున్నాయి. ప్రతి మంచంమీదా ఒక మనిషి ఉన్నాడు. హీరో, చిలకమ్మ, పెద్దబాబు. వాళ్లందర్నీ ఆమె ఎత్తింది, తుడిచింది, తిట్టింది, ఏడ్చింది వాళ్లకోసం. అబద్ధమేం లేదు. కానీ ఆ మంచాల్లో ఒక్కదాని మీద కూడా తన ఇంటి మనిషి లేడు. ఇన్నేళ్లుగా తన ధైర్యమని మురిసిపోతున్న దాన్ని ఇదివరకెప్పుడూ ఇంత దగ్గరికి తెచ్చి చూడాల్సిన అవసరం రాలేదు.

"గుడ్డ తప్పు కత్తిరించినవాడిలా నిలబడ్డావేంటి?" అన్నాడు తమ్ముడు. "నిన్న నువ్వు చెప్పింది నిజమేనా కాదా? అంతే చెప్పు."

"నిజమే."

"అయితే కానివ్వు. ఊపిరాడట్లేదు నాకు."

ఆమె కవర్ చింపింది. గొట్టాలు బిగించి, ఉప్పునీళ్లతో నింపి, గాలిబుడగలు పోయేదాకా ఫిల్టరుని అరచేత్తో తట్టింది. అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని రక్తనాళం మీద వేలుంచింది. ఝుమ్మంటోంది. సూది గుచ్చింది. రెండోది గుచ్చింది. పంపు తిప్పింది. తెల్లగా ఉన్న గొట్టంలోకి ఎరుపు పాకుతూ వెళ్లి, ఫిల్టరు నిండి, అవతలినుంచి తిరిగొచ్చి, అతని చేతిలోకి దిగింది. అది దిగేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

తెరిచి కట్టిన తలుపులోంచి హాలంతా ఇటే చూస్తోంది. మాస్టారు, పోస్ట్‌మాన్, చేతులు కట్టుకున్న ఇద్దరు నర్సులు. జాలిగా కాదు, కోపంగా కాదు. ఏమవుతుందో అని. ఆ చూపుమీద ఇందాక మండిపడ్డట్టు ఇప్పుడు మండిపడలేకపోయింది.

స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. కొంతసేపటికి తమ్ముడి మెడదగ్గర ఎగిరే నరం నెమ్మదించింది. ముఖంలోకి రంగులాంటిది వచ్చింది. నిద్రపోయాడనుకుంది.

"ఆ టెస్ట్ ఉంటుంది కదక్కా" అన్నాడు అతను కళ్లు మూసుకునే. "మా అందరికీ అప్పుడప్పుడు చేసేది. ఆ జబ్బుది."

"దానికింకా చాలా రోజులుంది."

"నాకు ముందే చేయించు."

"ఎందుకు? అవసరం లేదు. చెప్పాను కదా, దీనివల్ల ఏం..."

"నాకక్కర్లేదు. నువ్వు చెప్పావుగా, నమ్మాను కాబట్టే పడుకున్నాను." కళ్లు తెరిచి ఆమె కేసి చూశాడు. చిన్నప్పుడు గుండీ మింగి, ఆమె ఏడుస్తుంటే తనే ఓదార్చిన పిల్లాడి చూపు. "నీకు నిద్ర పట్టాలి కదా, అందుకని."

వద్దు అనాలి. అనడానికి నోరు తెరిచింది. అవతల హాల్లో అంతమంది ఉన్నారు, వాళ్లకి వినపడేలా, గట్టిగా, నవ్వుతూ అనాలి. మెషిన్ తన మానాన తాను తిరుగుతోంది.

"సరే" అంది, అతనొక్కడికే వినపడేలా.